చోటు దొరికాకే బీరు

మ్యూనిక్‌లో మా ఇంటికి వచ్చే చుట్టాలందరూ సామాను దించకముందే అడిగేది ఒకటే: "అక్టోబర్‌ఫెస్ట్‌కి ఎప్పుడు తీసుకెళ్తావురా?" అదేగా ఇక్కడ ఏటా జరిగే పెద్ద బీరు పండగ. నేను ముందు బీర్ గార్డెన్‌కి, అంటే చెట్ల కింద బల్లలేసి బీరు అమ్మే చోటుకి తీసుకెళ్తాను. అదీ పులిహోర డబ్బాతో.

నవ్వకండి. బవేరియాలో (మ్యూనిక్ ఉన్న జర్మనీ రాష్ట్రం) బీర్ గార్డెన్‌కి ఎవరి తిండి వాళ్లు తెచ్చుకోవచ్చు. బీరు చల్లగా ఉంచడానికి దాన్ని తయారుచేసే బ్రూవరీల వాళ్లు నేలమాళిగలు తవ్వుకుని, పైన నీడకి చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఆ నీడలోనే బీరు అమ్మడం మొదలెట్టేసరికి ఊళ్లో హోటళ్ల వాళ్లు గోల పెట్టారు. 1812లో రాజు రాజీ చేశాడు: బీరు అమ్ముకోండి, వంటలు మాత్రం అమ్మకండి. దాంతో జనం మూటలు కట్టుకుని రావడం నేర్చారు. ఇప్పుడు అక్కడ వంటలూ దొరుకుతాయి, అలవాటు మాత్రం పోలేదు. ఒక్క సంగతి: గుడ్డ పరిచిన బల్లకి వెయిటర్ వస్తాడు, అక్కడ డబ్బా విప్పకూడదు. ఉత్త చెక్కబల్ల అయితే మనదే. తాగేది మాత్రం అక్కడే కొనాలి. గ్లాసుకి డిపాజిట్ కట్టించుకుని టోకెన్ ఇస్తే, పారేసుకోకండి.

హిర్ష్‌గార్టెన్ అనే బీర్ గార్డెన్‌లో మా పిన్ని పులిహోర తీసేసరికి ఎదుటి పెద్దాయన తెల్ల ముల్లంగిని స్ప్రింగులా సాగేట్టు తరిగి ఉప్పు చల్లుతున్నాడు. నీరు ఊరేదాకా ముట్టుకోనివ్వడు. ముల్లంగి "ఏడవాలి" అంటారు ఇక్కడ. పిన్ని కాస్త పులిహోర పెడితే కరివేపాకు ఒక్కొక్కటే ఏరి కాగితం అంచున వరసగా పేర్చుకుంటూ మొత్తం తిన్నాడు.

ఇక బీర్ హాలు. అందరికీ తెలిసింది 1589లో పెట్టిన హోఫ్‌బ్రాయ్‌హౌస్. టూరిస్టులే ఎక్కువనుకోండి, అయినా ఒకసారి చూడాల్సిందే. పొడుగు బల్లల దగ్గర అపరిచితుల పక్కన కూర్చోవడం మామూలే, "ఇస్ట్ హియర్ నోఖ్ ఫ్రై?" (ఇక్కడ ఖాళీయేనా?) అని అడిగి కూర్చోండి. "ష్టామ్‌టిష్" అని బోర్డు ఉన్న బల్ల జోలికి మాత్రం వెళ్లకండి. అది ఏళ్ల తరబడి వచ్చేవాళ్లది. మా బాబాయ్ ఒక హాల్లో "ఇంత ఖాళీ పెట్టుకుని ఎక్కడో కూర్చోమంటావేంట్రా" అని దాని ముందే సర్దుకున్నాడు. వెయిటరమ్మ మాట్లాడకుండా బోర్డు మీద వేలితో రెండుసార్లు కొట్టింది. లేచాం.

బల్ల మీద బ్రెట్సెల్ (ముడి వేసినట్టుండే రొట్టె) బుట్ట కనిపిస్తే, మన హోటల్లో ఉల్లిపాయ ముక్కల్లా ఊరికే ఇచ్చారనుకోకండి. ఎన్ని తింటే అన్నీ బిల్లులో వస్తాయి. మాంసం తినని వాళ్లకి మెత్తటి చీజ్‌లో వెన్న, మిరపపొడి కలిపిన ఓబాట్స్‌దా, చీజ్ కలిపిన మెత్తటి నూడుల్స్ లాంటి కేజెష్పెట్స్‌లే ఉంటాయి. బంగాళాదుంప సలాడ్ చూడ్డానికి శాకాహారమే, కానీ చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారు, అడగండి. బిల్లు 27.20 అయితే నోట్లు ఇస్తూ "30" అని చెప్పండి, అదే టిప్పు. బల్ల మీద వదిలి లేవడం ఇక్కడి పద్ధతి కాదు. గ్లాసులు తాకించి ప్రోస్ట్ (చీర్స్) అనేటప్పుడు కళ్లలోకి చూడాలి.

అక్టోబర్‌ఫెస్ట్ పేరుకే అక్టోబర్, ఎక్కువ రోజులు సెప్టెంబర్‌లోనే. మొదటి శనివారం మధ్యాహ్నం 12కి మేయర్ షాటెన్‌హామెల్ టెంట్‌లో పీపా తెరిచేదాకా ఎవరికీ చుక్క దొరకదు. మైదానంలోకి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. కానీ టెంట్‌లో కూర్చున్నవాళ్లకే బీరు. శనివారాలు పొద్దున్నే టెంట్లు నిండి తలుపులు మూసేస్తారు. అందుకని మంగళవారమో బుధవారమో 12 లోపు వెళ్లండి. కూర్చునే ముందు ఆ బల్ల సాయంత్రానికి ఎవరికైనా రిజర్వ్ అయిందేమో చూడండి, అయితే ఆ టైముకి లేపేస్తారు. 6 దాకా బ్యాండు మెల్లగా వాయిస్తుంది, పిల్లలతో వెళ్లేవాళ్లకి అదే మంచి సమయం. ఆరేళ్ల లోపు పిల్లలు రాత్రి 8 తర్వాత టెంట్‌లో ఉండకూడదు. మూడు లీటర్లు దాటిన బ్యాగు లోపలికి రానివ్వరు. పెద్ద పులిహోర సంచీ ఇక్కడ కుదరదన్నమాట.

గ్లాసు లీటరుది, పేరు "మాస్". 2024లో 13.60 నుంచి 15.30 యూరోల దాకా ఉంది. "బీరేగా, నీళ్లలాంటిది" అన్నాడు బాబాయ్. పండగ బీరు మామూలు దానికన్నా ఘాటు, దాదాపు 6 శాతం. ఒక మాస్, మధ్యలో సగం కోడి, తర్వాత కావాలంటే సగం నిమ్మసోడా కలిపిన రాడ్లర్: కొత్తవాళ్లకి నా లెక్క ఇదే. బెంచీ ఎక్కి ఎగరొచ్చు, బల్ల ఎక్కితే బయటికి పంపిస్తారు. గ్లాసు సంచీలో వేసుకోకండి, గేటు దగ్గర పట్టుకుంటారు. గుర్తుగా కావాలంటే కొనుక్కోండి.

రాత్రి తిరిగొచ్చేటప్పుడు మైదానం పక్కనున్న టెరేజియన్‌వీజె మెట్రో స్టేషన్‌లోకి దిగకండి, ఊపిరాడదు. సెంట్రల్ స్టేషన్ దాకా నడిచేయండి. బాబాయ్ కూడా నడిచాడు, రెండో మాస్ తర్వాత. కాకపోతే ప్రతి మలుపు దగ్గరా ఆగి "ఇంట్లో మజ్జిగ ఉందా?" అని అడిగాడు.