జేబులో పట్టే చిన్న పిస్టల్: అమెరికాలో కొనేముందు చూసుకోవాల్సినవి

పిస్టల్ సంగతికంటే ముందు వీసా సంగతి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. కొనకుండా షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చినా ఇదే లెక్క. స్నేహితుడి తుపాకీ ఒకసారి చేతిలోకి తీసుకుని పేల్చినా అంతే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ, పౌరులకీ ఈ అడ్డు లేదు. గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగ్‌లో ఉండి ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద పనిచేస్తున్నవాళ్ళ పరిస్థితి కాస్త చిక్కుగా ఉంటుంది. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా షాపులో తుపాకీ కొనేవాళ్ళు నింపే ఫెడరల్ 4473 ఫారం మీద సంతకం పెట్టకండి. ఆ ఫారంలో తప్పు జవాబు రాయడమే విడిగా ఒక నేరం.

తర్వాత రాష్ట్రం. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టపరంగా అనర్హత లేనివాళ్ళు లైసెన్స్ లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. అయినా లైసెన్స్ తీసుకోవడమే మేలు. వేరే రాష్ట్రాలకు వెళ్ళినప్పుడూ, స్కూళ్ళ చుట్టూ వెయ్యి అడుగుల పరిధి దాటేటప్పుడూ అదే ఆదుకుంటుంది. న్యూజెర్సీ వేరే ఏ రాష్ట్రం పర్మిట్‌నీ ఒప్పుకోదు. మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపి పిస్టల్‌లో పెట్టే డబ్బాలో, 10 తూటాలు మించకూడదు. కొసలో గుంట ఉండి, తగిలాక విచ్చుకునే హాలో పాయింట్ గుండ్ల మీదా అక్కడ ఆంక్షలున్నాయి. డాలస్‌లో ఉన్న బావగారి సలహా విని ఎడిసన్‌లో కొనడం కుదరని పని. కాలిఫోర్నియాలో అయితే రాష్ట్రం ఆమోదించిన జాబితాలో లేని కొత్త పిస్టల్‌ని డీలర్ మీకు అమ్మలేడు.

ఇక అసలు విషయం. చిన్న పిస్టల్ మోయడానికి సుఖం, కాల్చడానికి కష్టం. షాపులో చేతిలో పెట్టుకుని "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో" అనిపించేది రేంజ్‌లో పది తూటాలు కాల్చేసరికి బొటనవేలి మొదట్లో చర్మం లేపుతుంది. అందుకే మొదటిసారి కొనేవాళ్ళు దొరికినవాటిలో అతి చిన్నదాన్ని ఎంచుకోకూడదు. రోజూ వేసుకునే బట్టల్లో దాగేవాటిలో అన్నిటికంటే పెద్దదాన్ని ఎంచుకోవాలి. సిగ్ పీ365 లాంటి 9 ఎంఎం పిస్టళ్ళు 2018 తర్వాత బాగా చిన్నవైపోయాయి. అరకిలో బరువు నడుముకి ఇబ్బంది కాకపోతే, కాల్చినప్పుడు వెనక్కి వచ్చే తన్నుని చేతులు తట్టుకోగలిగితే, చిన్న క్యాలిబర్ (తూటా సైజు) జోలికి వెళ్ళాల్సిన పనే లేదు. జేబులోనే పట్టాలన్నా, మణికట్టు నొప్పి ఉన్నా, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) లాగే బలం లేకపోయినా కింద చెప్పినవి పనికొస్తాయి.

క్యాలిబర్

.22 ఎల్ఆర్ తూటా చవక, తన్ను దాదాపు ఉండదు. ఇబ్బంది అది పేలే పద్ధతిలో ఉంది. మిగతా తూటాల్లో అడుగు మధ్యలో విడిగా ప్రైమర్ (పిన్ కొట్టగానే అంటుకునే చిన్న మూత) ఉంటుంది, వాటినే సెంటర్‌ఫైర్ అంటారు. దీనిలో మండే మందు కేసు (తూటా లోహపు గొట్టం) అంచు మడతలో చుట్టూ పరుచుకుని ఉంటుంది. తయారీలో ఆ మందు అంచు చుట్టూ సమానంగా చేరకపోతే, ఫైరింగ్ పిన్ సరిగ్గా ఆ ఖాళీ చోటే కొడితే, తూటా పేలదు. సెంటర్‌ఫైర్ తూటాలతో పోలిస్తే ఇలా మొరాయించేవి ఎక్కువే, పెద్ద డబ్బాల్లో వచ్చే చవక రకాల్లో మరీను. .22 మీదే మనసు పడితే రివాల్వర్ తీసుకోండి. పేలకపోతే ట్రిగ్గర్ మళ్ళీ లాగితే చాలు, తర్వాతి తూటా ముందుకొస్తుంది. అదే పిస్టల్ అయితే స్లైడ్ లాగి చెడ్డదాన్ని బయటికి తోయాలి. రూగర్ ఎల్‌సీఆర్ .22లో 8 తూటాలు పడతాయి, బరువు 420 గ్రాముల చుట్టూ. ఒక తిరకాసు మాత్రం ఉంది. అంచు గట్టిగా నలగాలి కాబట్టి .22 రివాల్వర్ల ట్రిగ్గర్ అదే మోడల్ పెద్ద క్యాలిబర్ కంటే బరువుగా ఉంటుంది. తన్ను లేదు కదా అని పెద్దవాళ్ళకి కొనిచ్చేముందు వాళ్ళ వేలితో వరసగా 8 సార్లు లాగించి చూడండి. సొంత పిస్టల్‌లో ఖాళీగా ట్రిగ్గర్ లాగి సాధన చేసేముందు మాన్యువల్ చదవండి. కొన్ని .22 మోడళ్ళలో పిన్ చాంబర్ (పేలేముందు తూటా కూర్చునే గది) అంచుకి తగిలి రెండూ పాడవుతాయి.

.25 ఏసీపీ సెంటర్‌ఫైర్ కాబట్టి .22 కంటే నమ్మకంగా పేలుతుంది. బలంలో దానికంటే మెరుగేమీ కాదు, తూటాల ధర మాత్రం చాలా ఎక్కువ. తాతగారి నాటి పిస్టల్ ఏదైనా ఇంట్లో ఉంటే తప్ప ఇప్పుడు కొనదగ్గది కాదు.

.32 ఏసీపీని చాలామంది తక్కువగా చూస్తారు గానీ మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళకి ఇదే సరైన మధ్యదారి. కెల్-టెక్ పీ32 ఖాళీగా 190 గ్రాములకు మించదు, చొక్కా జేబులో వేసినా జారదు. .32 తూటాకి ఉన్న ప్రత్యేకమైన జబ్బు రిమ్‌లాక్. ఈ తూటా అడుగు అంచు, కేసు ఒంటికంటే వెంట్రుకవాసి వెడల్పుగా ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు ఎప్పుడూ కింది తూటా అంచుకి ముందే ఉండాలి. హాలో పాయింట్ తూటాలు పొడవులో పొట్టివి కాబట్టి మ్యాగజైన్‌లో ముందుకూ వెనక్కూ కదలడానికి చోటు దొరుకుతుంది. కాల్చినప్పుడు వచ్చే కుదుపుకి పై దాని అంచు కింది దాని వెనక్కి జారి ఇరుక్కుంటుంది. ఇక స్లైడ్ ఎన్నిసార్లు లాగినా ప్రయోజనం ఉండదు. మ్యాగజైన్ తీసి, సన్నటి దేనితోనైనా తూటాని పెకలించాల్సిందే. కాబట్టి .32లో గుండు బరువు 71 నుంచి 73 గ్రెయిన్లు ఉండి, మొత్తం రాగి తొడుగున్న ఎఫ్‌ఎంజే తూటాలే వేయండి. పొడవు సరిపోతుంది, లోతుకీ వెళ్తాయి.

.380 ఏసీపీ 1908 నాటిది, ఇప్పటికీ జేబు పిస్టళ్ళకి రాజు ఇదే. 9 ఎంఎం వ్యాసమే, కేసు పొట్టి. ఇక్కడ ఎంచుకోవడం కష్టమయ్యేది గుండు విషయంలో. ఎఫ్‌బీఐ కొలత ప్రకారం గుండు, ఒంటి కండకి బదులుగా పరీక్షకి వాడే 10 శాతం జెలటిన్‌లో 12 నుంచి 18 అంగుళాలు దిగాలి. .380 హాలో పాయింట్ విచ్చుకుంటే చాలాసార్లు 12 దాకా రాకుండానే ఆగిపోతుంది. మందపాటి జీన్స్ గుడ్డ ముక్క దాని నోట్లో కూరుకుపోతే విచ్చుకోనే విచ్చుకోదు, ఎఫ్‌ఎంజేలాగే లోపలికి దూసుకుపోతుంది. రెండు పనులూ సరిగ్గా చేసే శక్తి ఆ చిన్న కేసులో లేదు. నోట్లో పాలిమర్ ముక్క పెట్టి చేసే హార్నడీ క్రిటికల్ డిఫెన్స్ లాంటివి బట్ట కూరుకోకుండా చూస్తాయి. అపార్ట్‌మెంట్లో ఉండి, పక్కింటి గోడ పల్చగా ఉంటే హాలో పాయింట్ వైపే మొగ్గండి. మీ పిస్టల్‌లో అది ఇరుక్కుంటుంటే మాత్రం ఎఫ్‌ఎంజేతో సరిపెట్టుకోవడం తప్ప దారిలేదు. సరిగ్గా ఎక్కని మంచి గుండు ఎందుకూ కొరగాదు.

షాపులో చేత్తో చూడాల్సినవి

ముందుగా స్లైడ్. రెండు వేళ్ళతో చిటికెలా పట్టుకుని లాగితే ఎవరికీ రాదు. అరచేయి మొత్తాన్నీ స్లైడ్ వెనక భాగం మీద బిగించి, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి, పిడి ఉన్న చేతిని ముందుకు తొయ్యండి. బ్యారెల్ మాత్రం ఎవరూ లేని వైపే ఉండాలి. వరసగా పదిసార్లు రావాలి. ఒకసారి వచ్చి రెండోసారి రాకపోతే ఆ పిస్టల్ మీది కాదు. చిన్నదైతే లాగడం తేలిక అనుకోవడం పొరపాటు. వాల్తర్ పీపీకే లాంటి బ్లోబ్యాక్ రకంలో బ్యారెల్ కదలదు, స్లైడ్ బరువూ స్ప్రింగూ కలిసే తన్నుని ఆపాలి. కాబట్టి స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది, అరచేతికి తగిలే దెబ్బా పదునుగా ఉంటుంది. గ్లాక్ 42లో స్లైడ్ వెనక్కి వెళ్ళేటప్పుడు బ్యారెల్ కొద్దిగా కిందికి వంగి విడిపోతుంది. తూటా అదే .380 అయినా స్ప్రింగ్ మెత్తగా పెట్టే వీలుంటుంది. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ .380ని వేళ్ళలో బలం తక్కువున్నవాళ్ళ కోసమే చేశారు. మ్యాగజైన్‌లో తూటాలు నింపడం కూడా సులువే. బరువు మాత్రం 520 గ్రాములు దాటుతుంది, జేబుకి కాదు, బెల్టుకే.

స్లైడ్ అస్సలు లాగలేనివాళ్ళకి బెరెట్టా టామ్‌క్యాట్ ఒక దారి. పక్కనున్న మీట నొక్కితే బ్యారెల్ వెనక కొస పైకి లేస్తుంది, మొదటి తూటాని నేరుగా చాంబర్‌లో పెట్టి మూసేయొచ్చు. కాకపోతే దీనికి ఎక్స్‌ట్రాక్టర్ (కేసుని పట్టి బయటికి లాగే కొక్కెం) లేదు, పేలినప్పటి ఒత్తిడే ఖాళీ కేసుని వెనక్కి తోస్తుంది. పేలని తూటా వస్తే స్లైడ్ లాగినా రాదు, మళ్ళీ బ్యారెల్ లేపి తీయాలి. ఎక్కువ బలమున్న తూటాలు వేయొద్దని దాని మాన్యువల్‌లోనే ఉంది. వేస్తే ఫ్రేమ్ పగిలే ప్రమాదం ఉంది.

రూగర్ ఎల్‌సీపీ మ్యాక్స్, స్మిత్ అండ్ వెసన్ బాడీగార్డ్ 2.0 రెండూ 300 గ్రాముల లోపో, ఆ చుట్టుపక్కలో ఉంటాయి. రెండిట్లోనూ మ్యాగజైన్‌లో 10 తూటాలు పడతాయి. పాత ఎల్‌సీపీ ఇంకా సన్నం, కానీ గురి చూసే దాని సైట్లు కంటికి ఆనవు. పిడి పట్టుకున్నప్పుడు చిటికెన వేలు గాల్లో వేలాడుతుంటే పొడుగు అడుగున్న మ్యాగజైన్ వేసి చూడండి. పట్టు బాగా మెరుగవుతుంది, జేబులో ఆకారం మాత్రం కాస్త బయటపడుతుంది. ట్రిగ్గర్ మీద చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ఆనాలి. జేబులో పెట్టుకునేదానికి ట్రిగ్గర్ కాస్త పొడుగ్గా, బరువుగా ఉంటేనే మంచిది.

కొన్నాక

రేంజ్‌లో 200 ఎఫ్‌ఎంజే తూటాలు, ఆ తర్వాత వెంట ఉంచుకోబోయే రకం కనీసం 50 కాల్చకుండా ఆ పిస్టల్‌ని జేబులో వేసుకోకండి. .380 తూటాలు 9 ఎంఎం కంటే ప్రియం, .32వి ఇంకా ప్రియం. ఈ ఖర్చుని పిస్టల్ ధరలో కలిపే లెక్కేసుకోండి. ఖాళీ కేసు పొగగొట్టంలా స్లైడ్‌లో నిలబడిపోతుంటే ముందు మీ మణికట్టుని అనుమానించండి. తేలికపాటి పిస్టల్‌లో ఫ్రేమ్ కదలకుండా చెయ్యి బిగిస్తేనే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్ళొస్తుంది. గట్టిగా పట్టుకున్నా అదే జరుగుతుంటే మ్యాగజైన్ మార్చి చూడండి, అప్పటికీ తగ్గకపోతే తూటా బ్రాండ్ మార్చండి. ఆ మూడూ అయ్యాకే కంపెనీకి పంపించే ఆలోచన. చిన్న పిస్టళ్ళ రీకాయిల్ స్ప్రింగులు పెద్దవాటికంటే త్వరగా అలిసిపోతాయి, మాన్యువల్‌లో చెప్పిన లెక్కకి మార్చేయండి.

జేబులో పెట్టుకునేది హోల్‌స్టర్ (పిస్టల్ ఒర)తో సహా పెట్టుకోవాలి. అది ట్రిగ్గర్ గార్డు మొత్తాన్నీ కప్పాలి, పిస్టల్ తీసినప్పుడు జేబులోనే ఉండిపోవాలి. ఆ జేబులో తాళాలు, చిల్లర, పెన్ను, ఇంకేవీ ఉండకూడదు. కార్లో సీట్ బెల్ట్ పెట్టుకుని కూర్చుంటే ముందు జేబులోంచి తీయడం దాదాపు అసాధ్యం. అలాగని గ్లవ్ బాక్స్‌లో వదిలేస్తే దొంగల పాలే.

చీరకీ, చుడీదార్‌కీ జేబు ఉండదు కాబట్టి ఆడవాళ్ళకి హ్యాండ్‌బ్యాగ్ ఒక్కటే దారి అని షాపుల్లో చెప్తుంటారు. బ్యాగ్‌ని పెళ్ళిలోనో, గుళ్ళోనో కుర్చీ మీద పెట్టి లేస్తాం, చాక్లెట్ కోసం పిల్లలు అందులో చెయ్యి పెడతారు. పొట్ట చుట్టూ కట్టుకునే బెల్లీ బ్యాండ్ కుర్తా కింద కనపడదు. కాకపోతే ట్రిగ్గర్ మీద గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉన్నదే కొనాలి, ఒట్టి సాగే గుడ్డ పనికిరాదు. టెక్సస్‌లో గుడి గుమ్మం దగ్గర 30.06 బోర్డు ఉందేమో చూసుకోండి. ఉంటే లైసెన్స్ ఉన్నా లోపలికి తీసుకెళ్ళకూడదు.

జేబులో దూది, నూలు పోగులు చేరతాయి. నెలకోసారైనా మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడు తుడవండి. ప్రతిసారీ అదే తూటాని చాంబర్‌లోకి ఎక్కించి దించుతుంటే గుండు కొంచెం కొంచెంగా కేసులోకి దిగిపోతుంది. అలాంటిది పేలితే ఒత్తిడి హద్దు మీరుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూడండి, పొట్టిగా కనిపిస్తే పక్కన పెట్టేయండి.

ఇంట్లో ఒంటిమీద లేనప్పుడల్లా వేళ్ళతో నొక్కి తెరిచే లాక్ బాక్స్‌లో ఉండాలి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చే ఆరు నెలలూ మరీ జాగ్రత్త. దిండు కిందో, బీరువాలోనో దొరికినదాన్ని సర్దిపెట్టడం వాళ్ళకి అలవాటు.

రేంజ్‌కి వాడే బ్యాగ్‌ని ఆ పనికే ఉంచండి. అదే బ్యాగ్ ఇండియా ప్రయాణానికి సర్దితే, అడుగున కుట్టు సందులో మిగిలిన ఒక్క .22 తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపించినా ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. అమెరికాలో చట్టబద్ధంగా కొన్నాననే మాట అక్కడ చెల్లదు.