భోగి సర్దుడులో బయటపడే ప్రమాదకర చెత్తను ఎలా వదిలించుకోవాలి?

సంక్రాంతి దగ్గర పడితే చెన్నైలో తెలుగిల్లయినా తమిళిల్లయినా అటక దులపాల్సిందే. పాత బట్టలతోపాటు మాడిపోయిన ట్యూబులైట్లు, గడువు దాటిన మాత్రలు, సగం మిగిలిన పెయింటు డబ్బా, ఉబ్బిన ఫోన్ బ్యాటరీ, బొద్దింకల మందు కూడా దిగుతాయి. అన్నీ ఒకే సంచిలో కట్టి బండిలో వేస్తే చివరికి చేరేది పెరుంగుడికో కొడుంగైయూరుకో. పెరుంగుడి డంప్‌యార్డు ఉన్నది పళ్లికరణై చిత్తడి నేల ఒడిలోనే. ఆ చిత్తడికి 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు, వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ చెత్తగుట్ట రోజుల తరబడి కాలింది.

అక్కడికి చేరేలోపే మన సంచి విప్పి చేత్తో వేరుచేసే మనిషి ఒకరుంటారు. ఈ నగరంలో ఆ పని చేసేవాళ్లలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలానే ఉన్నాయి. కాబట్టి జాగ్రత్త ఇంట్లోనే మొదలవ్వాలి.

1. ముందు ఒక పెట్టె పెట్టండి

మూత ఉన్న అట్టపెట్టె గానీ పాత బకెట్ గానీ చాలు. పిల్లలకు అందని చోట, ఎండ తగలకుండా ఉంచండి. పురుగుమందులు, యాసిడ్, థిన్నర్ ఏ సీసాలో వచ్చాయో అందులోనే ఉండనివ్వండి. కూల్‌డ్రింక్ సీసాలోకి మార్చడం అన్నిటికంటే ప్రమాదం. ఒకదాంట్లో ఒకటి కలపొద్దు కూడా. బ్లీచింగ్ పౌడర్‌కు బాత్రూమ్ యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

2. కాలువలో పోయకండి

వీధి వాననీటి కాలువలో పోసిన థిన్నర్ కూవం నదిలోకో అడయారు నదిలోకో బకింగ్‌హామ్ కాలువలోకో చేరుతుంది. పెయింటు ఇంకా బాగుంటే మెట్ల గ్రిల్లుకో గేటుకో వేసేయండి. దాన్ని వదిలించుకోవడానికి అంతకంటే మంచి దారి నాకు తోచలేదు.

3. ట్యూబులైట్, సీఎఫ్ఎల్ పగలకుండా చూడండి

ఒక్కో దాంట్లో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. అది నీళ్లలో చేరితే సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. ఆ విషం చేపల్లో పేరుకుని మన కంచంలోకే తిరిగొస్తుంది. కొత్త ట్యూబు వచ్చిన అట్టలోనే పాతదాన్ని పెట్టి ఉంచండి.

పగిలిందా? ఫ్యాను, ఏసీ ఆపి, కిటికీలు తెరిచి, అందరూ పది నిమిషాలు గది బయట ఉండండి. చీపురు పట్టొద్దు, అది పొడిని గదంతా లేపుతుంది. వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. రెండు అట్టముక్కలతో పెంకులెత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది తీసి, మూతున్న గాజుసీసాలో వేయండి. ఎల్ఈడీ బల్బుల్లో పాదరసం ఉండదు గానీ అవి ఈ-చెత్త కిందకే వస్తాయి.

4. బ్యాటరీ కొసలకు టేపు అంటించండి

లిథియం బ్యాటరీ చెత్తబండిలో నలిగితే అక్కడే అంటుకోవచ్చు. ఉబ్బినదాన్ని గుచ్చకుండా, ఛార్జింగ్ పెట్టకుండా, ఇసుక పోసిన డబ్బాలో విడిగా ఉంచండి. బటన్ సెల్ పిల్లలు మింగితే అన్నవాహిక కాలిపోతుంది, దానికి రెండు వైపులా టేపు వేయండి. ఇన్వర్టర్ బ్యాటరీతో చిక్కు తక్కువ. కొత్తది కొన్న కొట్టులోనే పాతది తీసుకుని ధర తగ్గిస్తారు. కాయలాన్ కడైకి (పాత సామాన్ల కొట్టుకి) మాత్రం ఇవ్వకండి, యాసిడ్ నేలపాలయ్యే అవకాశం ఎక్కువ.

5. మందులు, సూదులు

యాంటీబయాటిక్స్‌ను టాయిలెట్లో పోస్తే మురుగుశుద్ధి కేంద్రాలు పూర్తిగా తీసేయలేవు. మందులకు లొంగని బ్యాక్టీరియా పెరగడానికి అదొక కారణం. మీ ఆస్పత్రో మందుల షాపో వెనక్కి తీసుకుంటుందేమో అడగండి. ఇన్సులిన్ సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూతకు టేపు చుట్టి, పైన తమిళంలో, తెలుగులో ‘సూదులు’ అని రాయండి.

6. భోగి మంటలో ఏం వేయకూడదు?

టైర్లు, వైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు ఎలాగూ వద్దు. పీవీసీ ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విష రసాయనాలు వస్తాయి. చాలామంది ఆలోచించనిది రంగు వేసిన పాత తలుపుల సంగతి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న కేంద్ర నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు రంగు వేసిన చెక్క కాలిస్తే ఆ సీసం పొగలోకీ బూడిదలోకీ వస్తుంది. 2018 భోగి నాడు పొగ, మంచు కలిసి చెన్నై విమానాశ్రయంలో రాకపోకలే తారుమారయ్యాయి. మంటకు పిడకలు, ఎండుకొమ్మలు చాలవా?

7. ఎవరికి ఇవ్వాలి?

ఇటీవలి ఏళ్లలో భోగికి ముందు కార్పొరేషన్ వాళ్లే పాత టైర్లు, బట్టలు, ప్లాస్టిక్ ఇంటింటా సేకరిస్తున్నారు. మిగతా పెట్టె కోసం కార్పొరేషన్ హెల్ప్‌లైన్ 1913కి ఫోన్ చేసి మీ వార్డులో ప్రమాదకర చెత్త ఎక్కడ తీసుకుంటారో అడగండి. ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం ఉండాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి, కాబట్టి మొహమాటపడక్కర్లేదు. అపార్ట్‌మెంట్ వాళ్లయితే అందరి పెట్టెలూ ఒకచోట చేర్చి ఒకేసారి పంపండి. బండి అతని చేతికి ఇచ్చేటప్పుడు లోపల ఏముందో నోటితో కూడా చెప్పండి.