పశుగ్రాసం మడికి పొటాష్ పరీక్ష: శ్రీకాకుళం జిల్లా రైతులకు దరఖాస్తు విధానం

నేపియర్ గడ్డి మడిలో ముదురాకుల అంచులు పసుపెక్కి ఎండుతుంటే ముందు పొటాష్ అనే పోషకం సంగతి చూడాలి. పశుగ్రాసంలో కోతకోతకీ మొక్క మొత్తం పశువుల శాలకు పోతుంది, పొటాష్ కూడా దాంతోనే పోతుంది. ఇసుక పాలు ఎక్కువున్న మన ఎర్ర గరువు నేలల్లో అసలు నిల్వే తక్కువ.

పరీక్షకు మీ ఊరి రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుల్ని కలవండి. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సులు, సర్వే నంబరు, ఫోన్ నంబరు ఉంచుకోండి. పంట అన్నచోట అలవాటు కొద్దీ వరి అని రాయించొద్దు. ఎరువు సిఫారసు పంటను బట్టే వస్తుంది కాబట్టి పశుగ్రాసం అని, రకం పేరుతో, నీటి వసతితో సహా చెప్పి రాయించండి.

అసలు జాగ్రత్త మట్టి తీయడంలో ఉంది. ఎరువు వేయకముందే, ఎకరాకు 8–10 చోట్ల వంకరటింకరగా తిరుగుతూ 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో గుంట తవ్వి, పక్క గోడ నుంచి పైనుంచి కిందదాకా అంగుళం మందాన చెక్కండి. పశువుల్ని కట్టేసిన చోటు, గడ్డి కాల్చిన చోటు, పెంట కుప్ప పక్క మట్టి వద్దు. మూత్రంలోనూ బూడిదలోనూ పొటాష్ బాగా ఉంటుంది, లెక్క తప్పుతుంది. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ అరకిలోకి తేండి. నీడన ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డ సంచిలో వేసి చీటీ పెట్టండి. ఎరువుల బస్తా మాత్రం దగ్గరికి రానివ్వొద్దు.

ల్యాబ్‌లో అమ్మోనియం అసిటేట్ ద్రావణంతో మట్టిని కలిపి వడకట్టి, ఫ్లేమ్ ఫొటోమీటర్‌తో కొలుస్తారు. ఇది మొక్కకు అందే పొటాష్ మాత్రమే, నేలలో ఉన్నదంతా కాదు.

పరీక్ష ఫలితాల భూసార కార్డు వచ్చాక పొటాష్ లెక్కన హెక్టారుకు 145 కిలోల లోపుంటే తక్కువ, 340 దాటితే ఎక్కువ. ఎకరాకైతే 58, 136. కార్డులో పొటాషియం అని ఉంటే ఆ అంకెను 1.2తో హెచ్చించి చూడండి. తక్కువొస్తే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు ఒకేసారి కుమ్మరించకుండా కోతల వారీగా పంచి వేయండి. 50 కిలోల బస్తాలో పొటాష్ 30 కిలోలే. ఎక్కువొస్తే తగ్గించాల్సిందే, ఎందుకంటే పొటాష్ మితిమీరితే గడ్డిలో మెగ్నీషియం తగ్గి పాడి పశువుకు చేటు. ఎంత వేయాలో తేలకపోతే కార్డు పట్టుకుని ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి.