ఛార్జింగ్ టార్చి వెలగకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లోకి వచ్చిన రాత్రి, మే నెలాఖరులో నిండుగా ఛార్జింగ్ పెట్టి సొరుగులో దాచిన మా చిన్న టార్చిని బయటకు తీసి నొక్కితే, ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయింది. నీళ్లు తగ్గాక దాన్ని విప్పి పరిశీలిస్తే ఎల్ఈడీ బాగానే ఉంది, సెల్ కూడా బాగానే ఉంది. అప్పటినుంచి బంధువుల ఇళ్లలోనూ, ఇరుగుపొరుగు ఇళ్లలోనూ పాడైందని పక్కన పడేసిన టార్చిలను చూస్తూ వస్తున్నాను. నేను గమనించినంతలో ఎల్ఈడీ కాలిపోయినవి చాలా అరుదు. లోపం దాదాపు ఎప్పుడూ సెల్‌లోనో, సెల్ నుంచి ఎల్ఈడీ దాకా కరెంటు నడిచే దారిలోనో ఉంటుంది.

అందువల్ల లక్షణం ఏదైనా ముందుగా సెల్ వోల్టేజీ చూడాలి. మల్టీమీటర్‌ను (వోల్టేజీ, కరెంటు కొలిచే చిన్న మీటరు) 20 వోల్టుల డీసీ వద్ద పెట్టి కొలిస్తే, నిండిన లిథియం-అయాన్ సెల్ 4.2 వోల్టుల దగ్గర, సగం వాడినది 3.7 దగ్గర, అయిపోయినది 3 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 2.5 వోల్టుల కంటే బాగా కిందికి పడిపోయి చాలాకాలం అలాగే ఉన్న సెల్‌ను తిరిగి బతికించే ప్రయత్నం చేయవద్దు. లోపలి రాగి రేకు కరిగి, మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు లోలోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. సెల్ బయటకు తీయడానికి వీలులేని టార్చిలో ఈ పరీక్షే కుదరదు. కొనేటప్పుడే సెల్ మార్చుకోగలిగిన టార్చిని ఎంచుకోమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఛార్జింగ్ ఎక్కడం లేదు

కొత్త ఫోన్ ఛార్జరుతో, రెండు చివరలా టైప్-సీ ఉన్న కేబుల్‌తో పెడితే ఛార్జింగ్ దీపం కూడా వెలగదు. పాత వెడల్పు యూఎస్‌బీ ఛార్జరుతో పెడితే చక్కగా ఎక్కుతుంది. ఈ లక్షణం కనబడితే సెల్‌ను అనుమానించనక్కరలేదు. టైప్-సీ పోర్టులో తాను కరెంటు తీసుకునే పరికరాన్నని ఛార్జరుకు తెలియజేసే 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి. చవక టార్చిల తయారీలో తరచూ వాటిని వదిలేస్తారు. పాత ఛార్జరు, దానికి తగిన కేబుల్ వాడుకోవడమే సులువైన పరిష్కారం. అయితే అది రూపకల్పనలోని లోపమే కాబట్టి, వాపసు గడువు మిగిలి ఉంటే వెనక్కి ఇచ్చేయడం మంచిది.

ఏ ఛార్జరుతోనూ ఎక్కకపోతే పోర్టులో చేరిన దూదిపోగులను అగ్గిపుల్లతో కాకుండా సన్నని చెక్క టూత్‌పిక్‌తో నెమ్మదిగా తీయండి. పెట్టగానే ఆకుపచ్చ దీపం వెలిగితే, సెల్ నిజంగా నిండి ఉండాలి, లేదంటే దాని కొనకూ స్ప్రింగుకూ మధ్య సంబంధం తెగి ఉండాలి. వోల్టేజీ కొలిస్తే ఈ రెంటిలో ఏదన్నది తేలిపోతుంది. వేసవిలో మరొక జాగ్రత్త అవసరం. ఈ సెల్స్‌ను 45 డిగ్రీల కంటే ఎక్కువ వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెలలో ఎండకు కాగిన డాబా గదిలో గానీ, ఎండలో నిలిపిన కారులో గానీ ఛార్జింగ్ పెట్టకుండా, చల్లబడిన తర్వాత రాత్రిపూట పెట్టండి.

కొద్ది నిమిషాలకే వెలుగు తగ్గిపోతోంది

ఎక్కువ మంది లోపమని పొరబడేది ఇదే. వెయ్యి ల్యూమెన్ల (టార్చి ఇచ్చే మొత్తం వెలుగుకు కొలమానం) వెలుగుకు సుమారు 10 వాట్ల కరెంటు కావాలి. అందులో పెద్ద భాగం వేడిగానే మారుతుంది. బొటనవేలంత లావు ఉన్న అల్యూమినియం గొట్టం అంత వేడిని బయటికి వదలలేదు కాబట్టి లోపలి సర్క్యూటు తానే వెలుగును తగ్గిస్తుంది. నిర్ధారించుకోవాలంటే టార్చిని ఒకసారి నిశ్చలమైన గాలిలోనూ, పూర్తిగా చల్లారాక మరోసారి టేబుల్ ఫ్యాను ఎదురుగానూ వెలిగించి చూడండి. ఫ్యాను గాలికి వెలుగు ఎక్కువసేపు నిలిస్తే వేడిని బట్టి తగ్గిస్తోందన్నమాట. రెండుసార్లూ సరిగ్గా అదే నిమిషంలో తగ్గితే లోపల గడియారం లెక్కన తగ్గించే ఏర్పాటు ఉందని అర్థం. రెంటికీ మరమ్మతు అవసరం లేదు, మధ్యస్థమైన వెలుగులో వాడుకుంటే చాలు.

పెట్టె మీది అంకెలను చదివే తీరు కూడా ఇక్కడే తెలుసుకోవాలి. టార్చిల కొలతలకు తయారీదారులు పాటించే ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం వెలుగును టార్చి వెలిగించిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపే కొలుస్తారు. వెలిగే కాలాన్ని ఆ వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా లెక్కిస్తారు. కాబట్టి మూడు గంటలని రాసి ఉన్నా, మొదటి కొన్ని నిమిషాలు తప్ప మిగతా కాలమంతా మసక వెలుగే కావచ్చు. దూరాన్ని 0.25 లక్స్ దాకా, అంటే ఇంచుమించు పున్నమి వెన్నెల పాటి వెలుతురు మిగిలేదాకా లెక్కిస్తారు. 200 మీటర్లని రాసిన టార్చితో మనిషిని గుర్తుపట్టగలిగే దూరం అందులో సగం కూడా ఉండదు.

టార్చి చల్లగా ఉండగానే వెలుగు తగ్గితే మాత్రం సెల్‌నే చూడాలి. 9900 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే అంకె) అని ముద్రించిన 18650 సెల్స్ బజారులో విరివిగా దొరుకుతాయి. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఆ గొట్టంలో మంచి పేరున్న తయారీదారులు ఇవ్వగలిగినది దాదాపు 3500 దగ్గరే ఆగుతుంది. వంటింటి డిజిటల్ కాటాలో తూచి చూడండి: అసలు సెల్ 45 గ్రాముల చుట్టూ ఉంటుంది, 30 గ్రాములే తూగేదాన్ని నమ్మవద్దు. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లండి, ఎందుకంటే రక్షణ సర్క్యూటు ఉన్న సెల్ కొన్ని మిల్లీమీటర్లు పొడవు ఎక్కువై కొన్ని టార్చిలలో పట్టదు.

కదిపితే మిణుకుతోంది, తడితే వెలుగుతోంది

వెనుక మూత తీసి, పొట్టిగా, లావుగా ఉన్న రాగి తీగతో సెల్ అడుగు కొనను గొట్టం అంచుకు క్షణకాలం తాకించండి. నొక్కే స్విచ్చు వెనుకనే ఉన్న టార్చి ఇలా స్థిరంగా వెలిగితే లోపం మూతలోనే ఉంది. మూత లోపల రెండు చిన్న రంధ్రాలున్న ఇత్తడి లేదా అల్యూమినియం రింగు కనిపిస్తుంది. వాడుకలో అది వదులై స్విచ్చుకు పట్టు తప్పుతుంది. పట్టకారు రెండు కొనలను ఆ రంధ్రాల్లో పెట్టి కుడివైపు బిగిస్తే చాలా టార్చిలు అక్కడికక్కడే బాగుపడతాయి. మా పక్కింటివారు పారేయబోయిన టార్చికి పట్టిన చికిత్స అంతే, అర నిమిషం పని.

రింగు బిగువుగానే ఉంటే గొట్టం అంచును చూడండి. రంగు పూత కరెంటును పారనివ్వదు, పూతలేని అంచే కరెంటుకు దారి. దాని మీద నల్లటి మసి గానీ తెల్లటి పొడి గానీ ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తెల్లగా మెరిసేదాకా తుడవండి. రబ్బరు రింగుకు కొబ్బరినూనె, వాసెలిన్ పూయకుండా సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి.

అద్దం లోపల ఆవిరి పట్టింది

నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తుల్లో ఐపీఎక్స్4 అంటే చిలకరింపు నీటికి తట్టుకుంటుందనే అర్థం. మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకునేది ఐపీఎక్స్7. ఛార్జింగ్ రంధ్రపు రబ్బరు మూత సరిగ్గా కూర్చోకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఆవిరి కనబడితే వెంటనే సెల్ తీసి విడిగా పెట్టి, మూత తెరిచిన గొట్టాన్ని సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో రెండు రోజులు ఉంచండి. పూర్తిగా ఆరే వరకు ఛార్జింగ్ పెట్టవద్దు.

వాడకుండా ఉంచినా ఖాళీ అవుతోంది

మా టార్చి జబ్బు ఇదే. పక్కన బటన్ ఉండే టార్చిలో, ఆపినా సర్క్యూటు ఎప్పుడు నొక్కుతారా అని మేలుకొనే ఉంటుంది. మూత తీసి సెల్ అడుగుకూ గొట్టం అంచుకూ మధ్య మల్టీమీటర్‌ను కరెంటు కొలిచేలా పెడితే 1.1 మిల్లీఆంపియర్ చూపించింది. 2600 ఎంఏహెచ్ సెల్‌కు అది వంద రోజుల లెక్క కూడా కాదు. అదే 20 మైక్రోఆంపియర్లు, అంటే 0.02 మిల్లీఆంపియర్ అయితే ఏళ్ల తరబడి నిలిచేది. టార్చి కొన్న రోజే ఈ ఒక్క కొలత తీసుకోండి.

ఎక్కువ తాగే టార్చిని మూత పావు చుట్టు వదులు చేసి దాచి, బటన్ నొక్కి చూడండి. వెలగకపోతే కరెంటు దారి తెగినట్టే. అలా వదులు చేసినా వెలిగితే మరలకు పూత లేదన్నమాట. అప్పుడు సెల్‌కూ మూతకూ మధ్య గుండ్రంగా కత్తిరించిన ప్లాస్టిక్ ముక్క పెట్టి ఉంచాలి.