కాంటెస్సాకు 9 లక్షలు అని కాగితం మీద రాస్తే అమ్మేటప్పుడు ఎంతొస్తుంది? పాత కారు ధర తేల్చుకునే పద్ధతి

మా మామయ్య కాంటెస్సా, అంటే హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల పాత కారు, తిరుపతిలో ఇంటి పక్క రేకుల షెడ్డులో ఎనిమిదేళ్లు టార్పాలిన్ కిందే ఉంది. ఆయన పోయాక ఆస్తి పంపకాలప్పుడు ఒక వాల్యూయర్‌ని, అంటే విలువ కట్టేవాడిని, పిలిపిస్తే చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకుని 9 లక్షలు అని రాసిచ్చాడు. పెద్ద బావకి ఆ కారంటే ప్రాణం, అందుకని తనే పెట్టుకుని చిన్న బావకి సగం కింద 4,50,000 ఇచ్చేశాడు. ఏడాది తిరక్కుండానే డబ్బు అవసరం పడి అమ్మబోతే చేతికొచ్చింది 5,20,000. అంటే మిగిలింది 70 వేలు, నిజానికి అదీ మిగల్లేదు, ఆ సంగతి కింద చెప్తాను.

వాల్యూయర్ మోసం చేశాడని బావ ఇప్పటికీ తిడుతుంటాడు కానీ నా లెక్కలో ఆయన తప్పేం లేదు. ఇలాంటి బండి ఇవాళ వెతికి కొని, బాగు చేయించి, ఈ స్థితికి తేవాలంటే ఎంతవుతుందో ఆయన రాశాడు. రేపు ఉదయం ఎవరైనా వచ్చి ఎంతకి తీసుకెళ్తారు అన్నది వేరే ప్రశ్న, దాన్ని ఎవరూ ఆయన్ని అడగలేదు. కాబట్టి మీ చేతికి వాల్యుయేషన్ కాగితం రాగానే అంకె కంటే ముందు అది దేనికోసం కట్టిందో చూడండి. ఇన్సూరెన్స్‌కా, లోన్‌కా, పంపకాలకా, అమ్మకానికా? మామూలు కార్ల ఇన్సూరెన్స్‌లో ఐడీవీకి, అంటే పాలసీలో బండికి రాసే విలువకి, తరుగు పట్టిక ఉంటుంది, 6 నెలల లోపు 5 శాతంతో మొదలై నాలుగైదేళ్ల మధ్య 50 శాతానికి చేరుతుంది, 5 ఏళ్లు దాటాక కంపెనీ, మీరు మాట్లాడుకుని ఒప్పుకున్నదే విలువ. పాలసీలో ఉన్న ఆ అంకె చూపించి బేరమాడితే కొనేవాడు నవ్వుతాడు.

ఇది మన ఊరి బాధే కాదు. 2023 నవంబర్‌లో న్యూయార్క్‌లో 1962 నాటి ఫెరారీ 250 జీటీవో వేలానికి వచ్చింది. 6 కోట్ల డాలర్లు దాటుతుందని అంచనా వేశారు, అమ్ముడుపోయింది సుమారు 5 కోట్ల 17 లక్షల డాలర్లకి. అందులోనూ కొన్నవాడు వేలం సంస్థకి కట్టే ప్రీమియం కలిసే ఉంటుంది, కాబట్టి వార్తల్లో కనిపించే ధరంతా అమ్మినాయనకి రాదు. అంత పెద్ద నిపుణులు, అంత పేరున్న కారు, అయినా ఆ రోజు ఆ గదిలో చెయ్యెత్తినవాళ్లు ఎంతవరకు వెళ్లారో అదే ధర.

మరి మనకి వేలాలు లేవు కదా, అమ్ముడుపోయిన ధరలు ఎలా తెలుస్తాయి? ఆన్‌లైన్ ప్రకటనల్లో ఉండేది అడిగే ధర, దాన్ని నమ్మొద్దు. అలాంటి ప్రకటనలు ఓ పదింటిని సేవ్ చేసుకుని నెల తర్వాత మళ్లీ చూడండి. మాయమైనవాటికి ఫోన్ చేసి "అన్నా, బండి ఉందా, పోయిందా, ఎంతకి పోయింది" అని అడిగితే సగం మంది చెప్పేస్తారు. నాలుగు నెలలైనా కదలని ప్రకటన ఉంటే ఆ ధర దగ్గర కొనేవాళ్లు లేరని అర్థం, అది మీకు పైహద్దు. అన్నిటికంటే నమ్మకమైన మనిషి మాత్రం మెకానిక్. పాత కారు కొన్న ప్రతివాడూ ముందు బండిని తీసుకెళ్లేది మెకానిక్ దగ్గరికే, టీ తాగుతూ ఎంతకి కొన్నాడో చెప్పేది కూడా అక్కడే. చెన్నైలోనో బెంగళూరులోనో కాంటెస్సాలు, ఫియట్‌లు చూసే మెకానిక్‌లు ఇద్దరిని పట్టుకుంటే వారంలో అసలు ధరలు తెలిసిపోతాయి.

తర్వాత మీ బండికి మీరే మార్కులు వేసుకోండి, కఠినంగా. అమెరికాలో క్లాసిక్ కార్లకి 1 నుంచి 4 దాకా గ్రేడ్ ఇస్తారు. ఒకటి అంటే పోటీల్లో నిలబెట్టే బండి, రెండు చాలా బాగున్నది, మూడు బాగానే తిరిగేది, నాలుగు నడుస్తుంది కానీ లోపాలు కంటికి కనిపించేది. ప్రతి ఓనరూ తనది రెండు అనుకుంటాడు, చాలావరకు అది మూడే. బావ బండిలో డ్యాష్‌బోర్డు కోసి మ్యూజిక్ సిస్టమ్ పెట్టారు, సీట్లు మార్చారు, అయినా ఆయన దృష్టిలో అది ఒకటో గ్రేడే! ఒక చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి డోర్ల కింద, చక్రాల పైన ఆనించి చూడండి, పట్టుకోని చోట లోపల పుట్టీ ఉందని లెక్క. మ్యాట్లు ఎత్తి ఫ్లోరు చూడండి, డిక్కీలో స్టెప్నీ కింద చూడండి. మనకి ఒక లాభం ఉంది, చెన్నైలో సముద్రపు గాలికి పాత బళ్లు తుప్పు పట్టిపోతాయి కాబట్టి అక్కడి నుంచి వచ్చేవాళ్లు తిరుపతి, చిత్తూరు బండి అంటే కాస్త ఆసక్తిగానే చూస్తారు. ఆ మాట ప్రకటనలో రాయండి, అడుగు భాగం ఫోటోలతో సహా.

కాంటెస్సాలో ఇంజిన్ కూడా ముఖ్యం. 1984లో వచ్చినప్పుడు అంబాసిడర్ 1.5 ఇంజినే ఉండేది, ఇసుజు 1.8 పెట్రోల్ తర్వాత వచ్చింది, అభిమానులు వెతికేది దాన్నే. ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ ఆర్సీతో కలవాలి, కలవకపోతే మిగతాదంతా ఎంత బాగున్నా బేరం అక్కడే ఆగుతుంది.

ఇప్పుడు ఆ 70 వేల సంగతి. అమ్మే ముందు బండి మెరవాలని బావ టింకరింగ్, పెయింటింగ్‌కి 1,80,000 పెట్టాడు. తెల్ల బండికి ఎర్ర రంగు వేయించాడు, ఆర్సీలో మాత్రం తెలుపే ఉంది. వచ్చిన ప్రతివాడూ అడిగిన మొదటి ప్రశ్న "లోపల ఏం దాచారు" అనే. లెక్క వేసుకోండి, అమ్మకంలో వచ్చింది 5,20,000, తమ్ముడికి ఇచ్చింది, రంగుకి పోసింది కలిపి 6,30,000. లక్షా పదివేలు చేతి నుంచి పడ్డాయి. కాబట్టి అమ్మకానికి ముందు పెయింట్ జోలికి వెళ్లకండి. బ్రేకులు, బ్యాటరీ, కార్బురేటర్, ఆయిల్ లీకులు, ఇంతవరకే. స్టార్ట్ కాని బండికి కొనేవాడు తగ్గించే మొత్తం మీ రిపేరు ఖర్చుకి ఎన్నో రెట్లు ఉంటుంది, ఎందుకంటే లోపల ఏముందో అనే భయానికి కూడా అతను రేటు కడతాడు.

కాగితాలు ముందు, ప్రకటన తర్వాత. ఓనర్ చనిపోయి ఉంటే ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చుకోవాలి. ప్రైవేటు కారుకి 15 ఏళ్ల తర్వాత ప్రతి 5 ఏళ్లకి ఆర్సీ రెన్యువల్ ఉంటుంది, 20 ఏళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టులో కేంద్రం ఆ ఫీజుని 10,000 చేసింది. అది కట్టకుండా "మీరే చేయించుకోండి" అంటే కొనేవాడు ఆ పదివేలతో పాటు ఆఫీసు చుట్టూ తిరిగే తిప్పలు కూడా కలిపి యాభై వేలు కోస్తాడు. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే రేటు పెరుగుతుందని ఎవరైనా అంటే, 2021 నిబంధనల ప్రకారం అది 50 ఏళ్లు దాటిన బళ్లకే, కాంటెస్సాకి 2034 దాకా ఆ ప్రసక్తే లేదు. పాత హెరాల్డ్ కార్ల లాంటివాటికి చేయించొచ్చు కానీ అప్పుడు రోజూ తిప్పడానికి కుదరదు, ఎగ్జిబిషన్లకి, ర్యాలీలకి మాత్రమే తీయాలి.

ఇక రేటు. మెకానిక్‌లు చెప్పిన అమ్మకం ధరలు నాలుగైదు తీసుకుని, మీ గ్రేడుకి దగ్గరగా ఉన్నవాటి మధ్య అంకె పట్టుకోండి. అందులోంచి బ్రోకర్ కమిషన్, తప్పనిసరి రిపేర్లు తీసేయండి. కొనేవాడు వేలూరు వాడో బెంగళూరు వాడో అయితే బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, అక్కడ కట్టే రోడ్డు ట్యాక్స్ తలలో పెట్టుకునే బేరానికి వస్తాడు, అది కూడా మీ ధరలోంచే పోతుంది. మిగిలినదే మీ అసలు ధర. ప్రకటనలో దానికి పది శాతం పైన పెట్టండి, ఇంకా కిందికి ఎంతవరకు దిగుతారో ఇంట్లో వాళ్లతో ముందే అనుకోండి. ఫోన్లో "లాస్ట్ ఎంత" అనేవాళ్లకి జవాబు చెప్పకండి, వచ్చి చూడమనండి.

చూడడానికి వచ్చే రోజు ఇంజిన్ ముందే వేడి చేసి పెట్టకండి, తెలిసినవాడు వచ్చీరాగానే బానెట్ మీద చెయ్యి పెడతాడు. చల్లగా ఉన్న ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కి అందుకుంటే అక్కడే సగం బేరం అయిపోతుంది. టెస్ట్ డ్రైవ్ చంద్రగిరి వైపు ఇవ్వండి, ఎండలో తిరుమల ఘాట్ ఎక్కించి రేడియేటర్‌ని పరీక్షించుకోవద్దు. టోకెన్ అడ్వాన్స్ పడేదాకా ఏ ఆఫరూ ఆఫర్ కాదు. డబ్బు బ్యాంకులోనే తీసుకోండి, 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీగా కట్టాల్సి వస్తుంది. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు, తేదీ, టైమ్ వేసిన డెలివరీ నోట్ తప్పనిసరి.

పంపకాల్లో కారుంటే మాత్రం ముందు అమ్మి, వచ్చిన డబ్బు పంచుకోండి. కారు మీద ప్రేమ ఉన్నవాళ్లు ఉంటే బయటివాళ్ల ఆఫర్లు రెండు తెచ్చుకుని ఆ ధరకే లెక్క కట్టండి. మా బావలిద్దరూ పండక్కి ఒకే ఇంట్లో కూర్చుని కూడా మాట్లాడుకోవడం లేదు.

కొన్నాయన వేలూరు వాడు. ఎన్‌ఓసీ అందిన రోజు బావకి ఫోన్ చేశాడు, ఎర్ర రంగంతా గీకించేసి మళ్లీ తెలుపు వేయిస్తున్నాడట.