షాపు టీవీలో వీడియో ఆగిపోతోందా? సమస్య - పరిష్కారం

హన్మకొండ చౌరస్తాలో అయినా, వరంగల్ జేపీఎన్ రోడ్డులో అయినా బట్టల షాపు టీవీ వెనక, ఒకే వీడియోని రోజంతా తిప్పితిప్పి ఆడించడానికి పెట్టిన బాక్స్‌ని ఎవరూ షట్‌డౌన్ చేయరు. రాత్రి షట్టర్ వేసేముందు మెయిన్ దించేస్తారు, పొద్దున మళ్లీ లేపుతారు. ఎండాకాలంలో మధ్యమధ్య కరెంటు పోవడం దీనికి అదనం. కాబట్టి ఇదే మామూలు వాడకం అనుకుని బాక్స్ తయారుచేయాలి. ఇక్కడ చెప్పేది రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ (మన బాక్స్ అదే), డెస్క్‌టాప్ లేని లైట్ లైనక్స్ ఓఎస్, ఎంపీవీ అనే వీడియో ప్లేయర్, దాన్ని బూట్ కాగానే దానంతటదే నడిపే సిస్టమ్‌డీ సర్వీస్ ఉన్న సెటప్ గురించి.

పొద్దున మెయిన్ వేయగానే "నో సిగ్నల్"

"అన్నా, టీవీల బొమ్మ వస్తలేదు" అని ఫోన్ వస్తుంది. బాక్స్ కరెంటు తీసి మళ్లీ పెడితే వస్తుంది. దాంతో కేబుల్ మీద అనుమానపడి కొత్తది కొనేస్తారు. చాలాసార్లు కేబుల్‌కి ఏమీ కాదు. టీవీ, బాక్స్ ఒకేసారి ఆన్ అవుతాయి. టీవీ ఇంకా లేవకముందే బాక్స్ అవతల స్క్రీన్ ఉందా అని చూస్తుంది, జవాబు రాకపోతే హెచ్‌డీఎంఐకి ఏమీ పంపదు.

మెమరీ కార్డులో బాక్స్ స్టార్ట్ కావడానికి కావాల్సిన ఫైళ్లుండే భాగం (బూట్ పార్టిషన్) తెరిచి, అందులోని సీఎండీలైన్ ఫైల్‌లో మొదటి హెచ్‌డీఎంఐ పోర్టుకి 1920 × 1080, 60 హెర్ట్జ్ అని వీడియో సెట్టింగ్ రాసి, చివర ఇంగ్లిష్ పెద్ద 'డీ' అక్షరం తగిలించండి. స్క్రీన్ కనబడినా కనబడకపోయినా సిగ్నల్ పంపమని చెప్పేది ఆ ఒక్క అక్షరమే. ఆ ఫైల్ అంతా ఒకే లైన్‌లో ఉండాలి, ఎంటర్ కొట్టొద్దు. కేబుల్ కూడా పవర్ పోర్టు పక్కనున్న హెచ్‌డీఎంఐలోనే పెట్టండి, మొదటిది అదే.

లాగిన్ అడుగుతూ నిలబడిపోతోంది

బూట్ అయింది, ప్లేయర్ మొదలవలేదు. జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో సర్వీస్ లాగ్ (ఏం జరిగిందో రాసుకునే చిట్టా) చూడండి. "పర్మిషన్ డినైడ్" అని ఉంటే ఆ యూజర్‌ని వీడియో, రెండర్ గ్రూపుల్లో చేర్చాలి. లాగ్‌లో అసలేమీ లేకపోతే సర్వీస్‌ని స్టార్ట్ చేసి, ఎనేబుల్ చేయడం (ప్రతి బూట్‌కీ నడవమని చెప్పడం) మరిచిపోయారన్నమాట. రీస్టార్ట్ ఆప్షన్‌కి 'ఆల్వేస్' ఇస్తే ప్లేయర్ పడిపోయినా దానంతటదే లేస్తుంది.

వీడియో ఆగి ఆగి ఆడుతోంది

ముందు అడాప్టర్ చూడండి. షాపులో ఎవరిదో పాత ఫోన్ చార్జర్ తగిలించి ఉంటుంది. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. బాక్స్ పరిస్థితి చెప్పే వీసీజెన్‌సీఎండీ కమాండ్‌తో 'గెట్ త్రాటిల్డ్' అడగండి. జవాబు సున్నా అయితే సరే. 50000 అని వస్తే బూట్ అయ్యాక ఎప్పుడో వోల్టేజ్ పడిపోయింది, ప్రాసెసర్ వేగం తగ్గించుకుంది అని అర్థం. మంచి అడాప్టర్‌కి డబ్బులు పెట్టని సేటుతో ఈ పని ఒప్పుకోకపోవడమే మంచిది.

కరెంటు బాగానే ఉంటే ఫైల్‌ని అనుమానించాలి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు 4కే, 10 బిట్‌లో ఇచ్చేస్తుంటారు. వీడియో ఫార్మాట్ మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ టూల్‌తో ఒక్కసారి హెచ్.264, 8 బిట్, 4:2:0, 1080పీ, 30 ఫ్రేములకి మార్చుకోండి. ఇంకోటి, హార్డ్‌వేర్ డీకోడర్‌ని వాడమని చెప్పే హెచ్‌డబ్ల్యూడెక్ ఆప్షన్ ఇవ్వకపోతే ఎంపీవీ డీకోడింగ్ భారమంతా ప్రాసెసర్ మీదే వేస్తుంది. పై 4 బదులు పై 5 పెడితే, దాంట్లో హెచ్.264కి హార్డ్‌వేర్ డీకోడర్ లేదు గానీ 1080పీని దాని ప్రాసెసరే లాగేస్తుంది.

మధ్యాహ్నం మాత్రమే ఆగుతుంటే అది వేడి. 80 డిగ్రీలు దాటితే ప్రాసెసర్ నెమ్మదిస్తుంది. మన మే నెలలో, అదీ టీవీ వెనక, ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. ఏనుమాముల మిర్చి యార్డు వైపు షాపులకైతే ఫ్యాన్ వద్దు, దుమ్ముకి జామ్ అవుతుంది. మొత్తం అల్యూమినియం కేసు పెట్టండి.

ప్రతి రౌండ్ చివర నల్లగా మెరుస్తోంది

ఫైల్‌ని మూసి మళ్లీ తెరిచే ప్లేయర్లతో ఇది తప్పదు. ఎంపీవీలో లూప్ ఫైల్ ఆప్షన్‌కి 'ఇన్ఫ్' (అంతం లేకుండా) ఇవ్వండి. సౌండ్ అవసరం లేకపోతే ఫైల్‌లోంచే తీసేయండి. ఆడియో, వీడియో నిడివిలో చిన్న తేడా ఉన్నా అతుకు కనబడుతుంది.

కొన్ని గంటల తర్వాత స్క్రీన్ పోతోంది

టీవీ ఎర్ర లైటుతో స్టాండ్‌బైలో ఉంటే బాక్స్ జోలికి పోకండి. రిమోట్ ముట్టకపోతే తనే ఆఫ్ అయ్యే సెట్టింగ్ టీవీలో ఉంటుంది, అది తీసేయండి.

కొన్నాళ్లకి అసలు బూటే కావడం లేదు

ఎక్కువ కేసుల్లో మెమరీ కార్డు పాడైంది. ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది. మన వీడియో ఒక్క ముక్క రాయకపోయినా, లైనక్స్ లాగులు రాస్తూనే ఉంటుంది. యూపీఎస్ పెట్టమని చాలామంది చెప్తారు. ఒక్క బాక్స్ కోసం అది దండగ, పైగా బ్యాటరీ పోయాక మార్చేవాళ్లుండరు. పై సెట్టింగుల టూల్ అయిన రాస్పీ కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేయండి, బూట్ పార్టిషన్‌ని రీడ్ ఓన్లీ చేయమంటారా అంటే సరే అనండి. అప్పటినుంచి రాతలన్నీ ర్యామ్‌లోకే పోతాయి, మెయిన్ దించగానే మాయమవుతాయి. మిగతావన్నీ సరిగ్గా నడుస్తున్నాయని చూసుకున్నాకే దీన్ని ఆన్ చేయాలి, లేకపోతే చేసిన మార్పు ప్రతిదీ రీబూట్‌తో పోతుంది.

బతుకమ్మకీ, దసరాకీ వీడియో మార్చాలంటే ఓవర్‌లే తీసి మళ్లీ వేయడం తలనొప్పి. అందుకే వీడియోని పెన్‌డ్రైవ్‌లో పెట్టి రీడ్ ఓన్లీగా మౌంట్ చేయండి. ఏ డ్రైవ్‌ని ఎలా మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో, పెన్‌డ్రైవ్ లైన్‌కి 'నోఫెయిల్' తప్పకుండా రాయండి. అది లేకపోతే, పెన్‌డ్రైవ్ పీకేసిన రోజున బాక్స్ ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయి కీబోర్డు కోసం చూస్తూ కూర్చుంటుంది.