పోయిన గిటారిస్టు క్యాసెట్లతో ఆల్బమ్ కట్టేవాళ్లకి

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు మెలోడీ పార్టీల్లో (స్టేజీ ఆర్కెస్ట్రాల్లో) లీడ్ గిటార్ వాయించినవాళ్ల సొంత బాణీలు చాలావరకు క్యాసెట్లలోనే ఉండిపోయాయి. మనిషి పోయాక ఆ పెట్టె మీ చేతికొస్తే వెంటనే ప్లేయర్‌లో పెట్టకండి. ముందు ప్రతి క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి. అవి ఉంటే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా ఉన్నది చెరిగిపోతుంది.

తర్వాత వెలుతుర్లో టేపు చుట్టను చూడండి. గంజాం తీరపు తేమకి చుట్ట మీద తెల్లటి బూజు పట్టడం మామూలే. అలాంటిదాన్ని డెక్‌లో తిప్పితే హెడ్‌కి (టేపుని చదివే భాగానికి) అంటి, తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకీ పాకుతుంది. దాన్ని విడిగా, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో కొన్నాళ్లు ఆరనివ్వండి. మాస్కు కట్టుకుని వరండాలో మెత్తటి గుడ్డతో తుడవండి. ఎండలో మాత్రం పెట్టొద్దు, క్యాసెట్ ప్లాస్టిక్ షెల్ వంకరపోతుంది.

టేపు వెనక చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది. జిగురు ఎండి అది ఊడిపోతే శబ్దం మొద్దుబారుతుంది, ఒక చానెల్ వచ్చీపోతూ ఉంటుంది. స్క్రూలున్న కొత్త షెల్ కొని టేపు చుట్టలను అందులోకి మార్చండి.

డెక్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బెల్టు సాగిందేమో చూసుకున్నాక అజిమత్ (టేపు మీద హెడ్ ఆనే కోణం) సరిచేయాలి. ఈ పని మానేసేవాళ్లే ఎక్కువ, నష్టమూ ఇక్కడే ఎక్కువ. రికార్డు చేసిన మిషన్ హెడ్ ఏ కోణంలో ఉందో మీ డెక్ హెడ్ కూడా ఆ కోణంలోనే ఉండాలి. లేకపోతే డ్రమ్ సెట్ తాళాల (సింబల్స్) మెరుపు, తీగ మీద ప్లెక్ట్రమ్ తగిలే చప్పుడు రెండూ పోతాయి. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వాటిని తిరిగి తేలేదు. రెండు చానెళ్లను మోనోగా కలిపి వింటూ, హెడ్ పక్క స్క్రూని వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. పైస్థాయి శబ్దం బాగా తెరుచుకున్న చోట ఆపండి. ప్రతి క్యాసెట్‌కీ మళ్లీ చేయాల్సిందే.

లైన్ అవుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కి తీసుకుని, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్‌గా పట్టండి. గంటకు 2 జీబీ పైచిలుకు అవుతుంది. గరిష్ఠ స్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వొద్దు. లాప్‌టాప్‌ని చార్జర్ తీసేసి నడిపితే సగం హమ్ (కరెంటు వల్ల వచ్చే గుంయ్‌మనే శబ్దం) అక్కడే పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళితే పని ఆపి, వచ్చాక ఆ వైపు మొదటినుంచి పట్టండి. ఈ మొదటి ఫైల్‌ని ఎవరూ ముట్టకూడదు. మూడు కాపీలు ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో.

వేగం సంగతి కాస్త తిరకాసు. రికార్డు చేసిన మిషన్, మీ డెక్ ఒకే వేగంతో తిరగకపోతే శ్రుతి మారిపోతుంది. పాత టేపుల్లో హమ్‌ని 50 హెర్ట్జ్‌గా లెక్కగట్టి వేగం సరిచేయమని చెబుతుంటారు. 90ల్లో మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 దగ్గర కుదురుగా నిలిచింది లేదు, కాబట్టి ఆ లెక్క నమ్మకండి. గిటార్ శ్రుతినీ నమ్మొద్దు. అమెరికన్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ లాగా అరస్వరం దించి వాయించేవాళ్లు ఎందరో. అదే బ్యాండులో క్యాసియో కీబోర్డు ఉంటే దాన్ని ఆధారం చేసుకోండి, ఫ్యాక్టరీ శ్రుతి 440 హెర్ట్జ్ మామూలుగా ఎవరూ కదపరు. ఒక అరస్వరం తేడా అంటే వేగంలో దాదాపు 6 శాతం.

హమ్ తీసేటప్పుడు ముందు స్పెక్ట్రమ్‌లో అది సరిగ్గా ఎక్కడుందో చూసి సన్నటి నాచ్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసే ఫిల్టర్) పెట్టండి. హమ్ 100 హెర్ట్జ్‌లోనూ ఉంటుంది, అక్కడ వెడల్పుగా కోస్తే 110 హెర్ట్జ్‌లో మోగే ఐదో తీగ ప్రాణం పోతుంది. హిస్ (టేపు సుయ్‌మనే శబ్దం) 6 నుంచి 8 డెసిబెల్స్ తగ్గితే చాలు, ఇంకా లాగితే తాళాలు నీళ్లలో మోగినట్టు వినబడతాయి. పాటకీ పాటకీ మధ్య పూర్తి నిశ్శబ్దం పెట్టకండి. హిస్ ఠక్కున ఆగి మళ్లీ మొదలైతే చెవికి గుచ్చుకుంటుంది. ఆ హిస్‌నే మెల్లగా తగ్గించి పక్క పాట హిస్‌లో కలపండి.

ఇక ఏవి ఉంచాలి, ఏవి వదలాలి? హెండ్రిక్స్ 1970 సెప్టెంబర్ 18న పోయాక వచ్చిన ఆల్బమ్‌లలోనే రెండు దారులూ ఉన్నాయి. 1971లో 'ది క్రై ఆఫ్ లవ్'ని కూర్చినవాళ్లు అతనితో కూర్చుని పనిచేసిన ఇంజనీర్ ఎడ్డీ క్రేమర్, డ్రమ్మర్ మిచ్ మిచెల్. 1975లో 'క్రాష్ ల్యాండింగ్'కి నిర్మాత అలన్ డగ్లస్ పాత వాయిద్యాలు తీసేసి, సెషన్ కళాకారులతో కొత్తగా వాయించి అతికించాడు, కొన్ని పాటలకు సహరచయితగా తన పేరూ వేసుకున్నాడు. ఆ తిట్లు ఇప్పటికీ ఆగలేదు. పోయినాయన పక్కన బేస్ వాయించినవాడు బతికుంటే ఆయన్ని కూర్చోబెట్టి వినిపించండి. సోలో సగంలో ఆగితే సగంలోనే వదలండి. ఎనిమిది పది పాటలు, 40 నిమిషాలు చాలు. మాస్టరింగ్‌లో (చివరి మెరుగులో) మైనస్ 14 లఫ్స్ (పాట మొత్తం ఎంత బిగ్గరగా ఉందో చెప్పే కొలత) దగ్గర ఉంచండి, పీక్ మైనస్ 1 డెసిబెల్ దాటకూడదు.

హక్కుల కాగితాలు ముందే చూసుకోవాలి. ఒడిశాలో వారసుల ధ్రువపత్రం తహసీల్దారు ఇస్తారు. వీలునామా లేకుండా పోయిన హిందూ పురుషుడి ఆస్తిలో భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి అందరికీ వాటా ఉంది. పెళ్లై శ్రీకాకుళం వెళ్లిన కూతురి సంతకమూ కావాలన్నమాట. బాణీ మీద హక్కు స్వరకర్త పోయిన 60 ఏళ్ల వరకు ఉంటుంది. రికార్డింగు హక్కు మాత్రం దాన్ని చేయించిన నిర్మాతది. ఆర్కెస్ట్రా యజమాని డబ్బు పెట్టి రికార్డు చేయించి ఉంటే ఆయన అనుమతి రాయించుకోండి. ఆకాశవాణి స్టూడియోలో వాయించినదాన్ని రేడియో నుంచి పట్టి ఉంటే అనుమతి అక్కడినుంచే రావాలి. తోటి వాద్యకారులకూ ప్రదర్శన హక్కు 50 ఏళ్లు ఉంటుంది, వాళ్ల దగ్గరా కాగితం తీసుకోండి. స్టేజీ మీద వాయించిన సినిమా పాటలు ఎంత బాగున్నా పక్కన పెట్టడం మేలు. చట్టం ప్రకారం కవర్ వెర్షన్‌కి ఏడాదికి కనీసం 50,000 కాపీల రాయల్టీ కట్టాలి. చిన్న ఆల్బమ్ ఆ బరువు మోయలేదు.

ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు పేరు స్పెల్లింగ్ ఒక్కటే ఉండాలి. క్యాసెట్ లేబుల్ మీది ఒడియా రాత చూసి ఒకరు, తెలుగు చూసి ఇంకొకరు ఇంగ్లీషులోకి మారిస్తే అకారాలు ఓకారాలై, ఒకే మనిషికి రెండు పేజీలు పుడతాయి. అట్ట మీద వివరాలు తెలుగులోనూ ఒడియాలోనూ వేయండి. ప్రతి పాట కింద ఏ ఊళ్లో, ఏ ఏట, ఎవరెవరు వాయించారు, ఏ క్యాసెట్ ఏ వైపు, వేగం ఎంత మార్చారు అన్నది రాయండి. పేరు దొరకని ట్రాక్‌కి మీరు పేరు పెట్టకండి. క్యాసెట్ నంబరే వేయండి.